బట్టీలో టప్పుమను రేకు

రేపల్లెలో గాని, తెనాలిలో గాని, బేకరీ వెనుక తట్టున బట్టీ మండుచున్న వేళ కొంచెముసేపు నిలిచిన వారికి, లోపల బిస్కెట్లు కాలుచుండగా గట్టిగా 'టప్' మను శబ్దము వినవచ్చును. ఇటీవల ఇండ్లలోను కరెంటు ఓవెన్లు వెలసినవి గనుక ఈ చప్పుడు గృహిణులకును పరిచితమే. తలుపు తీసి చూచిన, అంతవరకు చదునుగా నున్న ట్రే ఒక మూల పైకి లేచి, పలుచని పిండి యంతయు ఒక వైపునకు జారి యుండును. నాసిరకపు సరుకని దుకాణదారుని నిందించుట మన వాడుక. అందులో సగమే సత్యము.

వేడి తగిలిన లోహము వ్యాకోచించునని బడిపిల్లలకు సైతము తెలియును. ఆ వ్యాకోచమెంత యనునదే విశేషము. మీటరు పొడవు గల ఉక్కు కడ్డీ ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కిన, మిల్లీమీటరులో నూరవ వంతు కంటె కించిత్తు అధికముగా పెరుగును. అల్యూమినియము పెరుగుదల దానికి ఇంచుమించు రెట్టింపు. 40 సెంటీమీటర్ల ఉక్కు ట్రే 200 డిగ్రీల మేర వేడెక్కినపుడు పెరుగునది ఒక్క మిల్లీమీటరు మాత్రమే. అదియైనను ట్రే యంతయు ఒక్క రీతిగా పెరిగినచో ఆకారము చెడదు. మన పల్లెల కమ్మరి బండి చక్రమునకు ఇనుపపట్టా తొడుగునపుడు దానిని చుట్టును సమముగా కాల్చి, పెరిగిన పట్టాను కొయ్యచక్రముపై దింపి, నీళ్లు చల్లి బిగియజేయుట ఈ నమ్మకము మీదనే: సమముగా కాలిన వలయము పెద్దదగును గాని వంకర పోదు. కావున దోషము వ్యాకోచమునది కాదు, వైషమ్యమునది.

బట్టీలో వైషమ్యమునకు కొదువ లేదు. నిప్పు వైపు అంచు ముందు కాలును. మందముగా చుట్టిన అంచు కంటె పలుచని అడుగు త్వరగా వేడెక్కును. పిండి పరచిన చోట తడి ఆవిరియగుచున్నంత సేపు రేకు నూరు డిగ్రీల దాపుననే ఆగిపోగా, ఖాళీగా నున్న చోట బట్టీ వేడి నందుకొనవలెనని పైకి పరుగెత్తును. నడుమ భాగము అంచు కంటె 50 డిగ్రీలు అధికముగా కాలెననుకొందము. ఆ 40 సెంటీమీటర్ల నిడివిలో దానికి కావలసిన అదనపు చోటు పావు మిల్లీమీటరు. చల్లని అంచు ఆ చోటు నీయదు. పక్కకు దారి లేని పలుచని రేకు పైకో క్రిందికో ఉబ్బక తప్పదు; ఉబ్బినచో ఎంత? లెక్క వేసి చూచిన, రమారమి 6 మిల్లీమీటర్లు! పొడవులో కంటికి కనబడని పెంపు ఎత్తులో చిటికెన వ్రేలి మందములో సగమునకు సమీపించుట ఈ వ్యవహారమునందలి అసలు చమత్కారమని నాకు తోచును.

ఐతే ఆ ఉబ్బు నెమ్మదిగా రాదేమి? అచ్చులో నొక్కి తీర్చినపుడే రేకులో కొన్ని బిగువులు మిగిలిపోవును. వాని వలనను, అంచు పట్టు వలనను, రేకు కొంతవరకు ఒత్తిడిని ఓర్చుకొని, ఓర్పు హద్దు దాటిన క్షణమున ఒక ఆకారము విడిచి మరియొక ఆకారములోనికి దుమికి పడును. అంతవరకు కూడబెట్టిన శక్తి ఒక్కసారిగా విడుదలయై రేకును, దాని చెంతనున్న గాలిని అదరగొట్టుటయే ఆ శబ్దము. చల్లారునపుడు తిరుగుదుముకు దుమికి మరల మ్రోగుటయు కలదు.

చోటు చాలని లోహపు చిక్కు రైలు పట్టాలకును కలదు. గుంటూరు-రేపల్లె రైలుమార్గమును మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే వారు 1916లో నిర్మించిరి. అందులో తెనాలి నుండి రేపల్లె వరకు సుమారు 34 కిలోమీటర్లు. పట్టా ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగినచో ఆ మేరకు గల ఉక్కు మొత్తము మీద 12 మీటర్లు పొడవు కాజూచును! పూర్వము పట్టాల నడుమ సందులు విడిచి ఆ పెంపునకు చోటు చూపెడివారు. అతికిన పొడుగు పట్టాలు వచ్చిన పిదప స్లీపర్లును, కంకరయు వానిని కదలనీయక పట్టి యుంచవలసి వచ్చినది. ఆ పట్టు సడలినచో వేసవి మధ్యాహ్నమున పట్టా పక్కకు వంకర తిరుగును. పాపము, మన ట్రేకు సందులును లేవు, కంకరయు లేదు.

దుమికిన ట్రే చల్లారి చదునైనచో చెడిపోయినట్లు కాదు. ఒత్తిడి లోహపు సాగుదల హద్దును మీరినప్పుడే వంకర శాశ్వతమగును. ఖాళీ ట్రేను ఎర్రని మంటకు గురిచేయుటయు, కాలుచున్న దానిని కుళాయి క్రింద పెట్టుటయు అందులకు దగ్గరి దారులు. నీరు తగిలిన చోటు తటాలున ముడుచుకొనగా తక్కినది ముడుచుకొనలేదు.

మందము పెరిగిన కొలది రేకు ఉబ్బుట అరుదు. అంచులో తీగ చుట్టి మడచుటయు, అడుగున గాళ్లు తీర్చుటయు ఆ పటుత్వము కొరకే. అల్యూమినియము ఎక్కువ పెరుగునదే యైనను, వేడిని ఉక్కు కంటె నాలుగింతలు, స్టెయిన్‌లెస్ స్టీలు కంటె పదింతలకు మించి చురుకుగా పంచును గనుక, మందపు అల్యూమినియము ట్రేలో వైషమ్యము తక్కువ. ఇంచుమించు వ్యాకోచమే లేని ఇన్వార్ అను నికెలు-ఇనుప మిశ్రమమును 1896లో కనుగొన్న గియోమ్ పండితునకు 1920లో నోబెల్ బహుమానము లభించినది గాని, ఖరీదైనదియు, వేడిని మందముగా పంచునదియు నగుటచే అది వంటకు కొరగాదు.

కొనువారు ట్రేను దుకాణములోని చదునైన బల్లపై బోర్లించి ఎదురెదురు మూలలు నొక్కి చూడవచ్చును. చల్లగా నున్నప్పుడే ఊగులాడు ట్రే బట్టీలో మరింత వంకరకు తిరుగును.