తుఫాను హెచ్చరిక – మన కర్తవ్యం

'తుఫాను' అనే మాట ఉర్దూకూ తెలుగుకూ ఉమ్మడి సొత్తు. 'ఖబర్దార్' కూడా అట్టిదే. ఆ మాటను మనం బెదిరింపుగా వాడుతున్నాము గాని, 'ఖబరు', అనగా వార్త, కలవాడు అని దాని అసలు అర్థం. వార్త తెలిసినవాడే జాగరూకుడు. అయితే వార్త చెవిని పడినంత మాత్రాన చాలదు. దాని భావం గ్రహించి సకాలంలో కదిలినప్పుడే అది ప్రాణరక్షణకు ఉపకరిస్తుంది.

1977 నవంబరు 19న తుఫాను కేంద్రం చీరాల సమీపంలో తీరం దాటింది. కాని ఘోర విపత్తు సంభవించినది దానికి తూర్పున, కృష్ణా ముఖద్వారం వద్దనున్న దివిసీమలో. అక్కడ ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే ముంచివేసింది. అధికారిక లెక్కల ప్రకారమే ఆ తుఫానులో సుమారు 10,000 మంది మరణించారు. దీనికి కారణమేమి? ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. కావున తుఫాను పయనించే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. తీరం దాటే ఊరి పేరు విని "మనది కాదు గదా" అని నిశ్చింతగా ఉండరాదు.

భారత వాతావరణ శాఖ నాలుగు దశలలో సమాచారమిస్తుంది. కనీసం 72 గంటల ముందు ఇచ్చేది ప్రధానంగా అధికారుల సన్నాహానికి. 48 గంటల ముందు అప్రమత్తతా సూచన, 24 గంటల ముందు అసలు హెచ్చరిక వెలువడుతాయి. కనీసం 12 గంటల ముందు వచ్చే నాల్గవది తీరం దాటిన పిమ్మట లోపలి ప్రాంతాలలో ఏమి జరుగగలదో తెలుపుతుంది. రంగులలో పసుపు గమనించుమని, నారింజ సిద్ధపడుమని, ఎరుపు తక్షణమే చర్య తీసుకొనుమని చెబుతాయి. ఓడరేవులలో ఎగురవేసే 1 నుండి 11 వరకు గల ప్రమాద సూచికలు నౌకలకు ఉద్దేశించినవి. వాటితో ఊరి ప్రమాదాన్ని కొలవరాదు.

హెచ్చరిక వినగానే మంచినీరు, మందులు, టార్చిలైటు, బ్యాటరీ రేడియో, ముఖ్యమైన కాగితాలు సిద్ధం చేసుకోవాలి. పశువుల తాళ్ళు విప్పాలి. పల్లపు తీరగ్రామాల వారు గాలి ముదరకముందే తుఫాను షెల్టరుకు చేరాలి. నడుమ గాలి హఠాత్తుగా ఆగితే ఆపద తొలగినదని భ్రమించి బయటకు రారాదు. అది తుఫాను కన్ను కావచ్చును. అది దాటగానే గాలి ఎదురు దిశ నుండి అంతే ఉధృతంగా వీస్తుంది.

1990 మే 9న అతి తీవ్రమైన తుఫాను మరల కృష్ణా ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ముందుగానే 6 లక్షలకు పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించారు. అయినా సుమారు వెయ్యి మంది మరణించారు. అది తక్కువ దుఃఖం కాదు. కాని 1977తో పోల్చినప్పుడు, సకాలంలో కదలిన ప్రజలు ఎంతటి నష్టాన్ని తప్పించుకోగలరో తెలుస్తుంది.

కొన్ని వేళల తుఫాను దారి మార్చుకుంటుంది. అప్పుడు "ఉత్త పుకారే" అని నవ్వేవారుంటారు. ఆ నవ్వు మరుసటి హెచ్చరికను చంపుతుంది. షెల్టరులో వృథాగా గడిచిన రాత్రి వలన పోయేది ఒక నిద్ర మాత్రమే. విద్యార్థి మిత్రులారా! రేడియో మాట అర్థం గాని అవ్వలు, తాతలు మన ఇళ్ళలోనే ఉన్నారు. వారి భాషలో వారికి విడమరచి చెప్పి, చేయి పట్టుకొని నడిపించడం చదువుకున్న మన కర్తవ్యం.