‘యాంటిఫా’ అంటే ఏంటమ్మా?

వార్తల్లో విని పిల్లలు ఇలా అడిగితే ఏం చెప్తారు? ముందు ఆ మాట పుట్టిల్లు చూద్దాం.

ఇటలీ భాషలో ‘ఫాషో’ అంటే కట్ట, గుంపు. 1919లో ముస్సోలినీ తన దళాలకు ఆ పేరే పెట్టుకున్నాడు. అలా వచ్చింది ఫాసిజం. 1932లో జర్మనీ కమ్యూనిస్టులు దానికి ఎదురుగా ‘యాంటీఫాషిస్టిషె ఆక్ట్సియోన్’ మొదలుపెట్టారు. దాని పొట్టి పేరే యాంటిఫా. మరుసటి ఏడాది హిట్లర్ గద్దెనెక్కి అణిచేశాడు. 1980ల్లో పశ్చిమ జర్మనీ యువత ఆ పేరును మళ్ళీ బతికించింది.

అమెరికాలో ఆ పేరున్నవి విడివిడి గుంపులే. అందరికీ కలిపి ఒక నాయకుడు లేడు. కొందరు కొట్లాటలకీ దిగారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ దాన్ని ఉగ్రవాద సంస్థగా ప్రకటించారు. అయితే ఫాసిజం వద్దనే వాళ్ళంతా ఆ గుంపుల మనుషులు కారు. ఈ తేడా పిల్లలకి చెప్పండి.

ఎవరినైనా ‘యాంటిఫా’ అంటూ మెసేజ్ వస్తే, పంపేముందు ఆగండి. ఒక ముద్ర ఎంత దూరం పోతుందో వీసా మీద బతికే మనకి తెలుసుగా!