సేవాసంఘములకు ధనసహాయము, శిక్షణ

గర్భిణీస్త్రీలను సకాలమున ఆసుపత్రికి చేర్చుటకు, దిక్కులేని వృద్ధులకు మందులిప్పించుటకు గ్రామమున పదిమంది పూనుకొనినచో వారికి మొదట ఎదురగునది ధనసమస్య. ఇచ్చువారు లేకపోలేదు. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీతస్థాయి గల కంపెనీలు తమ గత మూడేండ్ల సగటు లాభమున నూటికి 2 వంతులు సామాజికసేవకు వెచ్చింపవలెను.

అయితే ఆ ధనము ఒట్టి అర్జీతో వచ్చునది కాదు. ఏడుగురైనను చేరి, 2001 నాటి సొసైటీల చట్టము క్రింద సంఘమును రిజిస్టరు చేయింపవలెను. పిమ్మట ఆదాయపుపన్ను శాఖవారి 12ఏ, 80జి నమోదులు, ఆపైన సి.ఎస్.ఆర్.-1 పత్రము. వీనికంటె కఠినమైనది వేరొకటి గలదు: అట్టి సేవలో మూడేండ్ల అనుభవమును చూపవలెను. డబ్బు వచ్చిన తరువాత లెక్కలు వ్రాయుదమనుకొను సంఘము ఇచ్చటనే ఆగిపోవును. పది రూపాయల చందాకు సైతము రశీదు, ఏటేట ఆడిటు మొదటినుండియు ఉండవలెను.

ఈ విద్యకై దూరము పోనక్కరలేదు. బాల థెరిసా, ఆండ్రే జింగ్రాస్ దంపతులు 1991లో స్థాపించిన బాలవికాస సంస్థ వరంగల్లు చెంతనే సేవాకార్యకర్తలకు శిక్షణ నొసగుచున్నది. గీసుగొండ మండలమందలి గంగదేవిపల్లివారు ఆ సంస్థ తోడ్పాటుతో, తమ వాటా తాము చెల్లించి, మంచినీటి పథకమును కమిటీద్వారా నడుపుకొనిరి. సొంతవాటా పెట్టిన ఊరిని దాతలు నమ్ముదురని మా అభిప్రాయము.

పంచాయతీ సభ్యులు సంఘము చేసిన పనిని తేదీలతో సహా తీర్మానపుస్తకమున నమోదు చేయింపవలెను. విచారణకు వచ్చిన కంపెనీవారికి చూపుటకు అది పనికివచ్చును. గ్రాంటు ఇప్పింతుమని ముందుగా సొమ్మడుగు దళారులను మాత్రము గ్రామమున అడుగుపెట్టనీయరాదు.