మేత దొరికిన కలుపు

గుర్రపుడెక్కకు ఆ పేరు ఆకును బట్టి వచ్చినది. పువ్వును చూచి పెట్టియుంటే మరింత సొగసైన పేరే దొరికేది. ఆ లేత ఊదారంగు పూలగుత్తులకు ముచ్చటపడియే జనులు దానిని దక్షిణ అమెరికా నుండి దేశదేశాలకు కొనిపోయినారు. నేడది మన చెరువులలోను, కొల్లేటిలోను దట్టంగా పెరుగుతున్నది. వేడిమి, ఆహారము సమకూడితే రెండు వారాలలో ఒక మొక్క రెండవుతుంది. ఆ పచ్చని చాప క్రింద నీటికి వెలుతురు అందదు. ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చిపోతాయి.

పీకివేయడమే దీనికి మందు అని తలచేవారు దక్షిణాఫ్రికాలోని హార్ట్‌బీస్‌పోర్ట్ జలాశయం సంగతి వినవలెను. ప్రిటోరియాకు పడమట, క్రొకడైల్ నదిపై, ఆ ఆనకట్ట 1923లో పూర్తి అయినది. కట్టినది సేద్యానికి. కాని ఎగువన జొహానెస్‌బర్గు నగరం పెరిగి, దాని మురుగు, శుద్ధి అయినదీ కానిదీ, ఆ నదిలోనికే చేరినది. మురుగుతో భాస్వరము, నత్రజని వచ్చినవి. రైతు డబ్బిచ్చి కొని పొలంలో చల్లే ఎరువుల సారము ఇదే గదా! మన హుస్సేన్‌సాగరానికి కూకట్‌పల్లి నాలా చేసిన ఉపకారమూ ఇటువంటిదే.

1970వ దశకం చివర అక్కడ మందు చల్లి గుర్రపుడెక్కను చంపినారు. చచ్చి క్రుళ్లిన మొక్క తాను తిన్న సారాన్ని తిరిగి నీటికే అప్పగిస్తుంది. తరువాతి సంవత్సరాలలో విషపు నాచు మీగడవలె జలాశయమంతటా తేలినది. ఒకరు లేచిన పీటమీద మరొకరు కూర్చున్నారు. వడ్డన మాత్రం ఆగలేదు.

మొక్కను ఒడ్డుకు లాగివేస్తే సారమూ దానితో పోతుంది గనుక, మందు కంటె అది మేలు. కాని గుర్రపుడెక్కలో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే. పది బండ్లు తోలితే తొమ్మిది బండ్లకు పైగా నీళ్లు మోసినట్లు!

ఇటీవల రోడ్స్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ కలుపునకు పుట్టినింటి శత్రువైన మెగామీలస్ అనే చిన్న పురుగును ప్రయోగించినారు. అది మన వరిని ఎండగట్టే సుడిదోమ కుటుంబంలోనిదే. దానివలెనే మొక్క రసం పీల్చుతుంది. అయితే పంటల జోలికి పోదని పరీక్షించిన పిదపనే విడిచినారు. 2018 నుండి హార్ట్‌బీస్‌పోర్ట్‌లో దానిని వదలుతున్నారు. తీరవాసులు కూడ తొట్లలో పెంచి ఇచ్చినారు. 2019లో జలాశయంలో మూడవ వంతుకు పైగా కప్పిన కలుపు 2020 తొలి మాసాలకు నూటికి పది పాళ్ల లోపునకు దిగినది. చలికాలంలో పురుగు క్షీణిస్తుంది, బురదలోని పాత విత్తనాలు మొలుస్తాయి. కనుక ఏటేటా మరల విడువవలసినదే. అయినను ఇది చెప్పుకోదగిన విజయమనియే నేనంటాను.

ఆ తరువాత ఖాళీ అయిన నీటిమీద సాల్వీనియా అనే మరొక తేలుడు మొక్క పరచుకొన్నది. మెగామీలస్ దానిని తినదు. దాని పురుగు వేరు. ఎగువ నగరాల మురుగు మాత్రం అదే నదిలో దిగివస్తున్నది.