డాబాకు పూత వేయించే ముందు

వానలు దగ్గరపడుతుంటే డాబాకు వాటర్‌ప్రూఫ్ పూత గుర్తొస్తుంది. ఏ డబ్బా కొనాలి, గ్యారంటీ ఎన్నేళ్లు అని అడుగుతాం గానీ, స్లాబు దానికి సిద్ధంగా ఉందా అని చూసుకోం. ఊడిన పాత పూత పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. సిమెంటు పొడి అంటుకుని ఉంటే పూత పట్టు వదల్లేదన్నమాట, స్లాబు పైపొరే ఊడివచ్చింది.

కాంక్రీటులో నీరు ఎక్కువైనా, తడి ఆరకముందే తాపీతో అతిగా రుద్దినా, సిమెంటు నలుసులు నీటితో పాటు పైకి తేలి పలుచని, బలంలేని పొరగా గడ్డకడతాయి. మేకుతో గీస్తే పొడి రాలుతుంది. దాన్ని వైరు బ్రష్‌తోనో, పెద్ద డాబా అయితే గ్రైండింగ్ మెషిన్‌తోనో గట్టి కాంక్రీటు తగిలేదాకా తీసేయాలి. యాసిడ్ పోసి కడగడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పగుళ్లలోంచి దిగిన యాసిడ్ లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది.

తర్వాతి శత్రువు చెమ్మ. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆగాలి. లోపలి తడి ఎండకు ఆవిరై పైకి తోస్తే పూత బొబ్బలెక్కుతుంది. సిమెంటు కలిపి వేసే పూతల సంగతి వేరు. వాటికి ముందు స్లాబును తడపాలి, అయితే నీరు నిలవకూడదు. ఏది ఏ రకమో డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి. కొత్త స్లాబుకైతే మామూలుగా 28 రోజులు ఆగడం మంచిది.

గోడల మీద తెల్లగా పూసే ఉప్పును ముందే నీళ్లతో కడగొద్దు. అది కరిగి మళ్లీ ఇటుకలోకే ఇంకుతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి. నీరు ఎక్కడినుంచి వస్తోందో, పైపు లీకో, పునాది చెమ్మో తేల్చకపోతే ఉప్పు మళ్లీ పూస్తుంది.

పగుళ్లను కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పాలిమర్ మోర్టార్‌తో నింపాలి. ఎండకూ చలికీ కదిలే పగుళ్లకు మాత్రం సాగే సీలెంట్ కావాలి. పిట్టగోడ స్లాబును కలిసే మూలను వంపుగా పూడ్చాలి. చాలా ఇళ్లలో కారేది అక్కడే.

మేస్త్రీతో చదరపు అడుగుకు రేటు మాట్లాడేటప్పుడు ఈ పనులకు కూలీ విడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే రేటైతే, తొందరలో ముందు ఎగిరిపోయేది వైరు బ్రష్ పనే.