మెట్ట ప్రాంతపు ఇళ్లలో క్లౌన్ చేపలు, సముద్ర ఎనిమోన్ల పెంపకం: నకిరేకల్ పరిస్థితుల్లో నీటి యాజమాన్యం

హైదరాబాద్–విజయవాడ రహదారిపై ఉన్న నకిరేకల్ గ్రానైట్ శిలల మెట్ట ప్రాంతం. ఇక్కడ బోరు నీరే ప్రధాన ఆధారం. నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య సుపరిచితమే. ఇటువంటి చోట ఇంట్లో సముద్ర చేపల తొట్టిని ఏర్పాటు చేసుకోదలచినవారు విస్తరణ శాస్త్రవేత్తను సంప్రదిస్తే, చేప కన్నా ముందు నీటి గురించి చెప్పవలసి ఉంటుంది. క్లౌన్ చేప, దానికి ఆశ్రయమిచ్చే ఎనిమోన్‌ల అవసరాలు ఒకటి కావు. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే చాలా తొట్లలో ఎనిమోన్ కొద్ది నెలలకే మరణిస్తుంది.

సహజీవనం – పరస్పర అవసరాలు

ప్రపంచంలో వెయ్యికి పైగా సముద్ర ఎనిమోన్ జాతులున్నా, క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చేవి సుమారు పది మాత్రమే. ఎనిమోన్ విషకణాలు శత్రువుల నుండి చేపను కాపాడతాయి. చేప తన వంతుగా ఎనిమోన్‌ను తినే ఇతర చేపలను తరుముతుంది. చేప విసర్జించే అమ్మోనియా ఎనిమోన్ కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలకు పోషకమవుతుంది. ఆ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో అధిక భాగం ఎనిమోన్‌కు చేరుతుంది.

తొట్టిలో శత్రువులు ఉండవు కనుక క్లౌన్ చేప ఎనిమోన్ లేకుండానే ఆరోగ్యంగా పెరిగి, గుడ్లు కూడా పెడుతుంది. ఎనిమోన్‌కు మాత్రం తీవ్రమైన వెలుతురు, నిలకడైన లవణీయత, నైట్రేట్ తక్కువగా ఉన్న నీరు తప్పనిసరి. అందువల్ల తొట్టి ప్రమాణాలను ఎనిమోన్ అవసరాలను బట్టి నిర్ణయించాలి.

ఆవిరయ్యే నీరు – పేరుకునే లవణాలు

సముద్రపు నీటి లవణీయత లీటరుకు సుమారు 35 గ్రాములు. 200 లీటర్ల తొట్టికి దాదాపు 7 కిలోల లవణాలు కావాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్‌లు తగు పాళ్లలో ఉన్న సముద్ర లవణ మిశ్రమాన్నే వాడాలి.

తొట్టి నుండి రోజుకు 4 లీటర్లు ఆవిరవుతుందనుకుంటే, ఆవిరయ్యేది నీరే గాని లవణం కాదు. నీరు నింపకపోతే ఐదు రోజుల్లో లవణీయత 35 నుండి సుమారు 39 గ్రాములకు చేరుతుంది. కనుక లోటును ప్రతిరోజూ లవణరహిత నీటితోనే పూరించాలి.

ఆ లోటును బోరు నీటితో పూరిస్తే మరో సమస్య తలెత్తుతుంది. ఏడాదికి నింపే నీరు 1,460 లీటర్లు. తాగునీటి ప్రమాణాల ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మి.గ్రా. వరకు, ఫ్లోరైడ్ 1.5 మి.గ్రా. వరకు అనుమతించదగినవి. ఆ హద్దుల్లో ఉన్న నీటినే వాడినా ఏడాదిలో 200 లీటర్ల తొట్టిలోకి సుమారు 66 గ్రాముల నైట్రేట్, 2.2 గ్రాముల ఫ్లోరైడ్ చేరతాయి. నీటి మార్పిడి, అవక్షేపణ, సూక్ష్మజీవుల చర్యలను మినహాయిస్తే ఇవి లీటరుకు వరుసగా సుమారు 330, 11 మి.గ్రా. సహజ సముద్రపు నీటిలో ఫ్లోరైడ్ సుమారు 1.3 మి.గ్రా. మాత్రమే, ఎనిమోన్ తొట్టిలో నైట్రేట్ 10 మి.గ్రా. లోపు ఉండటం మేలు. నెలకు చేరే నైట్రేట్ 27 మి.గ్రా. కాగా, పదో వంతు నీటిని మార్చడం వల్ల తొలగేది ఉన్నదానిలో పదో వంతే. అంటే తాగడానికి యోగ్యమైన నీరు కూడా తొట్టికి యోగ్యం కాకపోవచ్చు.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతి తాగునీటి కోసం రూపొందినది. అది నైట్రేట్‌ను, ఇతర కరిగిన లవణాలను తొలగించదు. అల్యూమినియం అవశేషం మిగిలే అవకాశమూ ఉంది. మిషన్ భగీరథ నల్లా నీటిలో ఫ్లోరైడ్ బాధ తగ్గినా క్లోరిన్, కరిగిన లవణాలు ఉంటాయి. కార్బన్ వడపోత, ఆర్.ఓ. పొర, ఆపై అయాన్ మార్పిడి రెసిన్ గుండా పంపి, టి.డి.ఎస్. మీటరులో సున్నా చూపే నీటినే లవణ మిశ్రమానికీ, రోజువారీ పూరింపుకూ వాడాలి. ఆర్.ఓ. నుండి వృథాగా పోయే నీటిలో ఫ్లోరైడ్ గాఢత మరింత పెరుగుతుంది కనుక దానిని పశువులకు తాగించరాదు.

వేసవి, విద్యుత్ అంతరాయాలు

నీటి ఉష్ణోగ్రత 25–27 డిగ్రీల సెల్సియస్, ఉదజని సూచిక 8.1–8.4 మధ్య ఉండాలి. ఇక్కడి వేసవిలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నీరు ఎక్కువ కాలం 30 డిగ్రీలకు మించి వేడెక్కితే ఎనిమోన్ తన శైవలాలను కోల్పోయి తెల్లబడుతుంది. నీటి ఉపరితలంపై ఫ్యాన్ గాలి వేడిని తగ్గిస్తుంది గాని ఆవిరిని పెంచుతుంది. తీవ్రమైన వేసవికి చిల్లర్ అవసరం. విద్యుత్ పోయినప్పుడు ప్రాణవాయువు తగ్గకుండా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును సిద్ధంగా ఉంచాలి.

ప్రవేశపెట్టవలసిన క్రమం

తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరిన తరువాత రెండు చిన్న క్లౌన్ చేపలను వదలాలి. ఇవన్నీ మొదట మగ లక్షణాలు గలవే. జంటలో పెత్తనం చేసేది ఆడ చేపగా మారుతుంది. కనుక లింగ నిర్ధారణ అవసరం లేదు. ఎనిమోన్‌ను కనీసం ఆరు నెలల నుండి ఏడాది తరువాత, నీటి పరీక్షలు నిలకడగా ఉన్నప్పుడే చేర్చాలి. తొట్లలో విభజన ద్వారా పెంచిన ఎంటాక్మియా క్వాడ్రికలర్ ప్రారంభకులకు అనువైనది. ఎనిమోన్ స్థానం మారుతూ ఉంటుంది కనుక పంపుల ముఖాలకు జాలీ అమర్చాలి. నోరు తెరుచుకుని, శరీరం కుళ్లి వాసన వస్తుంటే వెంటనే తొలగించాలి. ఆలస్యమైతే తొట్టి నీరంతా చెడి చేపలు కూడా మరణిస్తాయి.

సేకరణ – చట్టపరమైన జాగ్రత్తలు

కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల హేచరీ సాంకేతికతను అభివృద్ధి చేసింది. కాబట్టి సముద్రం నుండి పట్టిన చేపలకు బదులు హేచరీలో పెంచిన పిల్లలనే ఎంచుకోవాలి. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నందున సముద్రం నుండి తీసిన పగడాలను తొట్టిలో ఉంచరాదు.

సలహా కోరిన కుటుంబానికి మొదట నీటి పరీక్ష, ఆపై ఒక వేసవి కాలం చేపలతో మాత్రమే నిర్వహణ, ఆ తరువాతే ఎనిమోన్ అనే క్రమాన్ని సిఫారసు చేయడం శ్రేయస్కరం. ఆ వేసవిలో ఉష్ణోగ్రత, లవణీయత, నైట్రేట్ విలువలను వారానికొకసారి నమోదు చేయిస్తే, ఎనిమోన్ కొనవచ్చునా లేదా అన్నది ఆ నమోదులను బట్టే నిర్ణయించవచ్చు.