కోర్టులో హాష్ వాల్యూ

2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. సీసీటీవీ ఫుటేజ్, వాట్సాప్ గ్రూపులు చూసి నిందితుల్ని గుర్తిస్తున్నామని పోలీసులు చెప్పారు. వాళ్లలో మన వయసు కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రాజకీయం జోలికి నేను వెళ్లను. నా డౌట్ వేరే: ఫోన్‌లో దొరికిన వీడియోని మధ్యలో ఎవరైనా మార్చారో లేదో జడ్జిగారికి ఎవరు చెప్తారు?

అలా చెప్పేవాళ్లే ఎక్స్‌పర్ట్ విట్‌నెస్, అంటే నిపుణ సాక్షి. మామూలు సాక్షి తను చూసిందీ విన్నదీ చెప్పాలి, నిపుణుడు తన అభిప్రాయం కూడా చెప్పొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇది 39వ సెక్షన్. ఆ రంగంలో ప్రత్యేక నైపుణ్యం ఉండాలంటుంది గానీ ఫలానా డిగ్రీ అనదు. భూసేకరణలో పోయే చెట్లకి విలువ కట్టడానికి తోటల అనుభవం ఉన్నవాళ్ల సాయం తీసుకోవచ్చని 2013 చట్టంలోనూ ఉంది. కొబ్బరి చెట్టు సంగతి తెలిసినవాళ్లకి మన దగ్గర కొదవా!

సీఎస్ఈ వాళ్లం చదవాల్సింది 63వ సెక్షన్. ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెడితే దానికో సర్టిఫికెట్ జతచేయాలి. పార్ట్ ఎ రికార్డు ఇచ్చేవాళ్లు నింపితే, పార్ట్ బి నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హాష్ వాల్యూ రాయాలి. ఎస్‌హెచ్ఏ1, ఎస్‌హెచ్ఏ256, ఎండీ5 అని ఫారంలోనే అచ్చేశారు. ఎగ్జామ్ కోసం బట్టీ పట్టిన పేర్లు చట్టంలో కనిపిస్తే నాకు భలే అనిపించింది.

ఫైల్లో ఒక్క బిట్ మారినా హాష్ మారిపోతుంది. వాట్సాప్‌లో వీడియో మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, కాబట్టి ఎవరూ ఏమీ మార్చకపోయినా అవతలి ఫోన్‌లో హాష్ వేరే వస్తుంది. అందుకే నిపుణుడు అసలు ఫోనే అడగాలి, అది ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లిందో ప్రతీదీ రాసుకోవాలి. ఇంకోటి, హాష్ తీయకముందే వీడియో ఎడిట్ అయిపోయి ఉంటే హాష్ దాన్ని పట్టుకోలేదు. ఈ మాట మనల్ని పిలిచిన పార్టీకి నచ్చకపోయినా చెప్పాల్సిందే. ఒక కుర్రాడు జైలుకి వెళ్లడం దీని మీద ఆధారపడి ఉండొచ్చు.

అవతలి లాయర్ ఊరుకోరు. "2017లో ఎస్‌హెచ్ఏ1 బ్రేక్ అయిందటగా?" అంటారు. నిజమే, గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ వాళ్లు రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకి ఒకే హాష్ తెప్పించారు. కానీ ఆ రెండు ఫైళ్లూ వాళ్లు తయారుచేసుకున్నవే. ముందే ఉన్న వీడియోకి అలా జోడీ తయారుచేయడం వేరే, చాలా కష్టమైన పని. దీన్ని కంగారుపడకుండా, జడ్జిగారికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకైతే కోడింగ్ కంటే ఇదే కష్టం. అంతా విన్నాక జడ్జిగారు మన అభిప్రాయం ఒప్పుకోకపోవచ్చు కూడా.

బీటెక్ అవ్వగానే బోర్డు పెట్టేసే పని కాదిది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటిచోట పీజీ, తర్వాత ల్యాబ్‌లో కొన్నేళ్లు, ఇదీ దారి. ఈలోపు ఫ్రీగా దొరికే ఆటాప్సీ సాఫ్ట్‌వేర్‌తో మీ పాత పెన్‌డ్రైవ్‌ని పరీక్షించి, ఏం చేశారో రిపోర్ట్ రాయండి. సెలవుల్లో అమలాపురం కోర్టుకి వెళ్లి ఒక క్రాస్ ఎగ్జామినేషన్ వినండి. మామూలుగా ఎవరైనా వెళ్లి వెనకాల కూర్చోవచ్చు. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టాలి.